ఎవరినీ చంపకుండా సెలవు అడగడం

జనార్దన్ తన నాయనమ్మను రెండుసార్లు చంపాడు. మొదటిసారి చంపినప్పుడు కంపెనీ పద్దెనిమిది రోజులు సెలవిచ్చింది. రెండేళ్ళ తర్వాత మళ్ళీ చంపితే మేనేజరు పాత ఫైలు తెప్పించి, కళ్ళద్దాలు పైకి నెట్టుకుని, "ఈమెను ఒకసారి పూడ్చారు కదా?" అని అడిగాడు. సరిగ్గా ఆ సమయానికి నాయనమ్మ జగిత్యాల పక్కన తన ఊళ్ళో పింఛను వరసలో నిలబడి, ముందున్నామెతో జోరుగా పోట్లాడుతోంది.

ఇందులో జనార్దన్‌ను ఒక్కడినే అనడానికి లేదు. అది ఆనవాయితీ. సౌదీలో తెలుగువాళ్ళు సెలవు కోసం చంపిన బంధువులనందరినీ ఒకచోట చేరిస్తే రెండు జిల్లాలు ఖాళీ అవుతాయి. ఒప్పంద పత్రంలో సెలవు రాసే ఉంటుంది. అడిగితే ఇవ్వరు. చావు చెబితే ఇస్తారు. హక్కుగా రావలసినదానికి శవాన్ని పూచీ పెట్టమనే పద్ధతి కంపెనీలదైతే, అబద్ధాలకోరు అనే పేరు మాత్రం కూలివాడికి.

ఆ రోజు జెద్దాలో జనార్దన్ పనిచేసే ప్రైవేటు ఆసుపత్రి కారిడార్‌లో, ముదీర్ గది తలుపు బయట, ఒకామె నేల తుడుస్తోంది. మేనేజరును అక్కడ అందరూ ముదీరే అంటారు. ఆ తలుపు ముందు నేల ఆసుపత్రి మొత్తంలో అదొక్కటే అద్దంలా మెరిసేది. కారణం శుభ్రత మీద ప్రేమ కాదు, లోపలి మాటలు అక్కడ బాగా వినిపిస్తాయి.

ఏసీలు బాగుచేసే జనార్దన్ తల వేలాడేసుకుని బయటికి రాగానే ఆమె మాపు కర్ర గోడకు ఆనించింది.

"మీ అవ్వ పేరేందిరా?"

"ముత్యవ్వ."

"ముత్యవ్వను ఊర్లోనే ఉండనీ. ఆ యమ్మ ఏం పాపం చేసింది, మాటిమాటికీ పాడె ఎక్కిస్తాండావ్? వారం ఆగి నువ్వే లోపలికి పో. ఎట్ల పోవల్నో నేను చెప్తా."

ఆమె పేరు హుస్సేన్‌బీ. పద్నాలుగేళ్ళ పాటు నడిచిన ఆమె విద్యాలయం ఆ తడి నేల మీదే మొదలైంది.

హుస్సేన్‌బీది రాయచోటి దగ్గర పల్లె. ఇరవై తొమ్మిదో ఏట తాయిఫ్‌లో ఒక ఇంట్లో పనికి వచ్చింది. ఆ నాలుగేళ్ళలో మేడమ్‌ను పదకొండుసార్లు శుక్రవారం సెలవు అడిగింది. పదకొండుసార్లూ రాలేదు. ఏడ్చి అడిగింది, నవ్వి అడిగింది, మేడమ్ కాళ్ళకు నూనె రాస్తూ అడిగింది. రాకపోవడం అటుంచి, మేడమ్ కాదన్న పదకొండు తీర్లూ ఆమెకు కంఠతా వచ్చేశాయి. ఆ తర్వాత జెద్దా ఆసుపత్రిలో తుడిచే పనికి కుదిరాక, ముదీర్ తలుపు దగ్గర ఆమెకు అసలు సంగతి అర్థమైంది. డాక్టరు లోపలికి వెళతాడు, ఒక్క వాక్యం చెప్పి నోరు మూసుకుంటాడు, కావలసింది పుచ్చుకుని వస్తాడు. ఆయాలు నలుగురు కలిసి వెళతారు, ఒకేసారి ఏడుస్తారు, పెళ్ళినాటి నుంచి కథ ఎత్తుకుంటారు. అది పురిటి దాకా వచ్చేసరికి ముదీర్‌కు ఫోన్ వస్తుంది.

ఆమె జనార్దన్‌కు నేర్పింది మూడే మాటలు. ఎవరినీ చంపొద్దు. ఒక్కటే అడుగు. కారణం చెప్పొద్దు.

"కారణం చెప్పకుంటే ఎట్లక్కా? ఆయన అడుగుతడు గద?"

"అడగనీ. నువ్వు కారణం చెప్పినావంటే ఆయప్ప దాన్ని పట్టుకుని లాగుతాడు. అవ్వ సచ్చిందంటే సర్టిఫికెట్ తెమ్మంటాడు. చెల్లెలి పెండ్లంటే పోయినేడు అయింది గదా అంటాడు. 'నా సెలవు నాకు కావాలి' అను. దాన్ని పట్టుకోడానికి యాడుంది చెయ్యి?"

నాలుగో మాట కూడా ఒకటుంది. దాన్ని ఆమె చివర్లో, గొంతు తగ్గించి చెప్పేది. "ఇన్షాల్లా అంటాడు. అంటే ఇంక బయటికి పో అని. అల్లాను మధ్యలో నిలబెట్టి తాను పక్కకు జారుకుంటాడు. నువ్వు కదలొద్దు. 'ఇన్షాల్లా, ఏ తారీఖు?' అని అడుగు. అంతే. అల్లాకు తారీఖులు ఉండవు గానీ, ముదీర్ టేబుల్ మీద క్యాలెండర్ ఉంటాది."

జనార్దన్‌కు తారీఖు వచ్చింది. నాయనమ్మ బతికిపోయింది.

ఆ తర్వాత జనార్దన్‌తో ఒకే గదిలో ఉండే బాలన్న వచ్చాడు. బాలన్న తర్వాత అల్లాబకాష్ అనే డ్రైవరు వచ్చాడు. అతను ఒకే మేనమామను మూడు కంపెనీల్లో మూడుసార్లు చంపిన ఘనుడు. ఆసుపత్రి కారిడార్ చాలక బడి ఊళ్ళోనే షరఫియా అనే పేటకు మారింది. అక్కడ నంద్యాల మస్తాన్ వలీకి ఆడవాళ్ళ బట్టలు కుట్టే దుకాణం ఉంది. శుక్రవారం మధ్యాహ్నం జుమా నమాజుకూ సాయంత్రం అసర్ నమాజుకూ మధ్య షట్టరు సగం దించి ఉంటుంది. ఆ సందులోంచి వంగి లోపలికి వస్తే ఇస్త్రీ ఆవిరి వాసన, తలుపు లేని ట్రయల్ గది, దాని ముందు ఒక కుర్చీ. ఆసుపత్రి చెత్తలో పారేసిన తిరిగే కుర్చీ అది. ఒక చెయ్యి విరిగింది, స్పాంజి బయటికొచ్చింది. జనార్దన్ దాన్ని పికప్ వెనక ఎక్కించి, తానే దాంట్లో కూర్చుని షరఫియా దాకా మంత్రిలా వచ్చాడు.

ఆ కుర్చీలో కూర్చున్నవాడు ముదీర్. లేదా కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని. లేదా మేడమ్. ఎదురుగా నిలబడ్డవాడు అడగాలి. మిగిలినవాళ్ళు బట్టల తానుల మీద కూర్చుని, పాలు లేని సులేమానీ చాయ్ తాగుతూ, తప్పు దొర్లగానే అరవాలి.

ఫీజు ఏమిటంటే, అడిగి వచ్చినవాడు తర్వాతి శుక్రవారం వచ్చి ఆ కుర్చీలో కూర్చోవాలి. దొరికినా దొరక్కపోయినా సరే. తనను ఎట్లా కాదన్నారో అచ్చంగా అట్లాగే ఇంకొకరిని కాదనాలి. ఇంకే ఫీజూ లేదు. హుస్సేన్‌బీ మాత్రం ఆ కుర్చీలో ఎప్పుడూ కూర్చోలేదు. ఇస్త్రీ బల్ల పక్క స్టూలు మీద కూర్చుని చూసేది.

అట్లా పద్నాలుగేళ్ళలో ఆ దుకాణంలో జెద్దాలో దొరికే రకరకాల 'కాదు'లన్నీ పోగయ్యాయి. వాటికి పేర్లు కూడా పెట్టుకున్నారు. ఫోన్ ఎత్తే కాదు. ఫైలు వెతికే కాదు. నువ్వు నా తమ్ముడిలాంటివాడివి అనే కాదు. అన్నింటిలోకీ ప్రమాదకరమైనది చాయ్ కాదు. కూర్చోమంటారు, చాయ్ తెప్పిస్తారు, ఇంట్లోవాళ్ళ క్షేమం అడుగుతారు, భుజం తట్టి తలుపు దాకా వస్తారు. బస్ స్టాపు చేరాక గానీ చేతిలో ఏమీ లేదని తెలియదు. "చాయ్ తాగి అచ్చిన, లీవు మర్శిన" అని బాలన్న ఒప్పుకున్న రోజు దుకాణం అంతా పడీపడీ నవ్వింది.

కాదనడంలో అందరినీ మించింది షబ్నమ్. మదనపల్లె పిల్ల, ఒక ఇంట్లో పని. ఆమె ఫోన్‌ను మేడమ్ వంటింటి సొరుగులో పెట్టి తాళం వేసేది. నా ఫోన్ నా దగ్గర ఉండాలి అన్న ఒక్క మాట అడగడానికి ఆ పిల్లకు మూడు నెలల సాధన పట్టింది. శుక్రవారం చీర ఫాలు కుట్టించుకు రావాలన్న నెపంతో వచ్చేది. ఎవరి చీరో అల్లాకే తెలియాలి, ఆ ఇంట్లో చీర కట్టేవాళ్ళే లేరు. చివరికి ఫోన్ సాధించుకుంది. ఫీజు కట్టడానికి కుర్చీ ఎక్కి మేడమ్ అయింది. నోరు విప్పలేదు. గోళ్ళు చూసుకుంది. ఒక్కో గోరూ, ఊదుకుంటూ. ఎదురుగా నిలబడ్డ అల్లాబకాష్ నాలుగో గోరుకు చెమటలు పట్టి, "మా మామ..." అని మొదలుపెట్టాడు.

"చంపొద్దు!" అని దుకాణం మొత్తం అరిచింది.

సరిగ్గా అప్పుడే షట్టరు కింద నుంచి వంగి నౌమాన్ లోపలికి వచ్చాడు, చెల్లెలి లెహంగా కొలతలు పట్టుకుని.

నౌమాన్‌ది హైదరాబాద్. ఒక పెద్ద కంపెనీలో హెచ్‌ఆర్. సాయంత్రాలు లాప్‌టాప్ ముందు కూర్చుని, గల్ఫ్ తెలుగువాళ్ళకు జీవితంలో ఎట్లా ఎదగాలో చెప్పే కోచ్. సర్టిఫికెట్ కూడా ఉంది. అతను ఒక గంట నిలబడి చూశాడు. లెహంగా మర్చిపోయాడు.

"ఆంటీ, మీరేం చేస్తున్నారో మీకు తెలుసా? దిస్ ఈజ్ రోల్ ప్లే బేస్డ్ కోచింగ్! ఇంత క్లియర్ మెథడ్ నేను దుబాయ్ సెమినార్‌లో కూడా చూడలే. మీకు బ్రాండ్ కావాలి. మూడు ప్యాకేజీలు పెడదాం. సిల్వర్, గోల్డ్, ప్లాటినం."

"ప్లాటినం అంటే ఏందబ్బా?"

"వన్ ఆన్ వన్ సెషన్. చైర్‌లో మీరే కూర్చుంటారు."

"ఆమె కూసోదు భాయ్" అన్నాడు జనార్దన్. "అడిగి అచ్చినోళ్ళే అండ్ల కూసోవాలె."

"అదే ప్రాబ్లం బ్రదర్. ఇదంతా ఆంటీ తలకాయలోనే ఉంది. రికార్డింగ్ లేదు, మెటీరియల్ లేదు, సిస్టమ్ లేదు. ప్రాక్టీస్ అంటే నిలబడాలి కదా? రేపు ఆంటీ లేకుంటే ఇది ఒక్క వారం కూడా నడవదు."

"అల్లా దయవల్ల నేను యాడికీ పోను" అంది హుస్సేన్‌బీ. "నువ్వు లెహంగా కొలతలు చెప్పి బయల్దేరు నాయనా."

అని అతన్ని పంపించింది గానీ, ఆ మాట ఆమె చెప్పులో రాయిలా ఉండిపోయింది.

మూడు వారాలు తిరక్కముందే, ఒక ఆదివారం, ఆసుపత్రి శుభ్రత కాంట్రాక్టు కొత్త కంపెనీకి పోయింది. కొత్త కంపెనీకి నేలలు తుడిచేవాళ్ళు కావాలి గానీ, యాభై దాటిన మోకాళ్ళు అక్కర్లేదు. పన్నెండు మంది ఆడవాళ్ళకు ఫైనల్ ఎగ్జిట్ వేశారు, అంటే ఇక తిరిగి రాకుండా ఇంటికి. తర్వాతి వారం గురువారానికి టికెట్లు. ఇరవై రెండేళ్ళు సౌదీలో పనిచేసిన మనిషిని పదకొండు రోజుల్లో ఊడ్చేశారు, ఆమె ఊడ్చినదానికన్నా శుభ్రంగా.

హుస్సేన్‌బీకి ఇంటికి పోవడం బాధ కాదు. కూతురి దగ్గర గది ఉంది, మనవరాలుంది. మధ్యలో మిగిలింది ఒక్కటే శుక్రవారం. అదొక్కటే ఆమె గుండెలో బరువు. నౌమాన్ అన్నట్టే అయితే? తను విమానం ఎక్కిన మరునాడు మస్తాన్ వలీ ఆ కుర్చీ మీద బట్టల మూటలు పెడతాడు. అల్లాబకాష్ మళ్ళీ మేనమామను పాడె ఎక్కిస్తాడు. రెండు నెలలు దొరికితే ఎవరినైనా తయారుచేయవచ్చు. రెండు నెలలు కావాలి. ముదీర్‌ను అడగాలి.

ఆ శుక్రవారం సంగతి చెప్పగానే మస్తాన్ వలీ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టేశాడు. జనార్దన్ లేచి, కుర్చీని ఆమె ముందు నుంచి లాగి, షబ్నమ్ వైపు తిప్పాడు.

"కూసో షబ్నమ్. ముదీర్‌వి నువ్వే."

"నాకేందిరా నేర్పేది? నేను పెట్టిన బడి ఇది!" అంది హుస్సేన్‌బీ.

"గట్లనే అంటరు అందరు. నిలవడక్కా. తలుపు కాన్నుంచి రెండడుగులు."

ఆమె విసుక్కుంటూ నిలబడింది. షబ్నమ్ కుర్చీలో కూర్చుంది. ఆమెకు ముదీర్ ముఖం తెలియదు. పద్నాలుగేళ్ళుగా హుస్సేన్‌బీ చెప్పగా విన్నవాళ్ళు పక్కనుంచి అందించారు. కళ్ళద్దాలు పైకి తోయి. పెన్ను మూత తీసి పెట్టు. మళ్ళీ తీసి పెట్టు.

"నాకు రెండు నెలలు కావాల" అంది హుస్సేన్‌బీ.

షబ్నమ్ పెన్ను మూత పెట్టింది. తీసింది. మళ్ళీ పెట్టింది.

అడగడం వేరు, అడిగాక ఆ మౌనం కింద నిలబడటం వేరు. మాపు కర్ర పట్టుకుని తలుపు బయట నుంచి వినేవాళ్ళకు అది తెలియదు. హుస్సేన్‌బీ తన కోసం ఎవరినైనా ఏదైనా అడిగి పద్దెనిమిదేళ్ళు దాటింది. తాయిఫ్‌లో పన్నెండోసారి అడగాల్సిన రోజున అడగకుండా ఊరుకుంది. అప్పటి నుంచి అందరి చేతా అడిగించింది గానీ, తను మాత్రం అడగలేదు.

షబ్నమ్ కళ్ళెత్తి, చాలా మర్యాదగా, "ఎందుకు?" అంది.

"ఎందుకంటే... ఇక్కడ నాకు పని... కాదు, అది కాదు సార్... మా అమ్మ సచ్చిపోయింది."

మస్తాన్ వలీ మిషను మీదికి వాలిపోయి నవ్వడం మొదలుపెట్టాడు. బాలన్న చేతిలో సులేమానీ ఒలికింది. హుస్సేన్‌బీ వాళ్ళమ్మ పోయి ముప్ఫై ఒక్క ఏళ్ళయింది.

"అమ్మ సచ్చిపోతే ఇక్కడ ఉండేదానికి రెండు నెలలు ఎందుకడుగుతాండావ్ ఆపా?" అంది షబ్నమ్, ముదీర్ గొంతు ఏమాత్రం సడలకుండా. "ఊరికి పోవల్ల గదా? టికెట్ ఈ పొద్దే ఏపిస్తా."

"చంపొద్దు! చంపొద్దు!" అని అల్లాబకాష్ గంతులేస్తున్నాడు. పద్నాలుగేళ్ళ పగ తీరింది అతనికి.

హుస్సేన్‌బీకి ముందు కోపం వచ్చింది. తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని తనూ నవ్వింది. తర్వాత ఎందుకో కళ్ళు తుడుచుకుంది. "మళ్ళీ మొదలుపెడదాం పామే" అంది. అసర్ నమాజు దాకా ఆమె చేత ఏడుసార్లు అడిగించారు. ఏడుసార్లూ షబ్నమ్ కాదంది, ఒక్కోసారి ఒక్కో రకంగా. వాటిలో రెండు హుస్సేన్‌బీ ఎన్నడూ నేర్పనివి.

శనివారం పొద్దున ముదీర్ గదిలోకి వెళ్ళింది. తలుపు దగ్గర నుంచి రెండడుగులు. అరబీలో ఒకటే వాక్యం. "నాకు రెండు నెలలు కావాలి."

ముదీర్ లేచి నిలబడ్డాడు. కూర్చోమన్నాడు. ఇరవై రెండేళ్ళు, మాషాల్లా, అన్నాడు. నువ్వు మా అమ్మలాంటిదానివి అన్నాడు. చాయ్ తెప్పించాడు.

హుస్సేన్‌బీ ఆ గ్లాసు వైపు చూసింది. అందులో పుదీనా ఆకు కూడా వేశారు. ముట్టుకోలేదు.

"కొత్త కంపెనీ చేతుల్లో ఉంది, నా చేతుల్లో ఏమీ లేదు. అయినా చూద్దాం. ఇన్షాల్లా."

"ఇన్షాల్లా" అంది హుస్సేన్‌బీ. "ఏ తారీఖు?"

అతను పెన్ను మూత పెట్టాడు. తీశాడు. ఆమె కదల్లేదు. వంద మంది చేత చెప్పించిన మాట తన నోటి నుంచి ఇంత చిన్నగా వస్తుందని ఆమె అనుకోలేదు. చాయ్ చల్లారింది. ముదీర్ ఎవరికో ఫోన్ చేశాడు, కంప్యూటర్‌లో చూశాడు, ఇంకొకరికి ఫోన్ చేశాడు. చివరికి విసుగ్గా, గురువారం టికెట్‌ను శనివారానికి మార్పించాడు.

"రెండు రోజులు. అంతకన్నా ఏమీ చేయలేను. ఖలాస్."

రెండు నెలలు అడిగితే రెండు రోజులు వచ్చాయి. బయటికి వచ్చి, తను మెరిపించిన నేల మీద నిలబడి, హుస్సేన్‌బీ వేళ్ళ మీద లెక్కేసుకుంది. గురువారం. శనివారం. మధ్యలో శుక్రవారం ఉంది.

ఆ శుక్రవారం కంపెనీ బస్సు ఆలస్యంగా వచ్చింది. మిగిలిన పదకొండు మంది ముందురోజే విమానం ఎక్కేశారు, అందులో ఆమె ఒక్కతే ఉంది. షరఫియాలో దిగి, ఎండలో ఆయాసపడుతూ, తన కోసం అందరూ దిగులుగా కాచుకుని ఉంటారనుకుంటూ షట్టరు కింద నుంచి వంగి లోపలికి వెళ్ళింది.

మొదలుపెట్టేశారు. షబ్నమ్ స్టూలు మీద కూర్చుని ఉంది, ఇస్త్రీ బల్ల పక్క, హుస్సేన్‌బీ స్టూలు మీదే. ఫాలు కుట్టని కొత్త చీర ఒకటి ఒళ్ళో పెట్టుకుని. ట్రయల్ గది ముందు కుర్చీ ఖాళీగా ఉంది. దాని ముందు, తలుపు దగ్గర నుంచి రెండడుగుల్లో, నౌమాన్ నిలబడి ఉన్నాడు. లాప్‌టాప్ లేదు, సర్టిఫికెట్ లేదు. అతనికి పద్నాలుగు నెలలుగా సెలవు దొరకలేదని, తన బాస్ గదిలోకి వెళ్ళాలంటే అతనికి నోరెండిపోతుందని, లెహంగా తీసుకెళ్ళడానికి వచ్చిన రోజు మస్తాన్ వలీ దగ్గర కక్కేశాడట.

"నేను లేకుండా ఎట్ల మొదలుపెడితిరి?" అంది హుస్సేన్‌బీ. గొంతులో నిజంగానే కోపం ఉంది.

"ఆలస్యమైంది గద ఆపా. మేడమ్ నాకు రెండు గంటలే ఇచ్చింది" అంది షబ్నమ్. స్టూలు మీద నుంచి లేవలేదు. "నువ్వు ఫీజు బాకీ ఉండావు. కూర్చో."

"యాడ కూర్చోవల్ల?"

అందరూ కుర్చీ వైపు చూశారు. జనార్దన్ దాని మీద దుమ్ము చేత్తో కొట్టి, చెయ్యి ఉన్న వైపు ఆమెకు అందేలా తిప్పాడు. "జర్ర పైలం అక్కా, ఎడమదిక్కు ఒరుగుతది."

పద్నాలుగేళ్ళలో మొదటిసారి హుస్సేన్‌బీ ఆ కుర్చీలో కూర్చుంది. నిజంగానే ఎడమ వైపు ఒరిగింది. ఎదురుగా నౌమాన్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. స్టూలు మీద నుంచి చూస్తే నిలబడ్డవాళ్ళు ఎంత భయపడుతున్నారో తెలిసేది. ఇక్కడ నుంచి చూస్తే ఎంత చిన్నగా ఉంటారో ఆమెకు అప్పుడు తెలిసింది. ముదీర్‌కు రోజూ ఇట్లాగే కనిపించి ఉంటుంది.

"సార్" అన్నాడు నౌమాన్. గొంతు సర్దుకున్నాడు. "నాకు నా యాన్యువల్ లీవ్ కావాలి."

హుస్సేన్‌బీ లేని పెన్నుకు లేని మూత పెట్టింది. తీసింది.

నౌమాన్ నాలుక తడుపుకున్నాడు. "యాక్చువల్లీ సార్, మా అబ్బాకి కొంచెం..."

"చంపొద్దు!"

"చంపలేదు, హాస్పిటల్‌లోనే పెట్టాను!" అని మొత్తుకున్నాడు నౌమాన్.

హుస్సేన్‌బీ నవ్వు ఆపుకోలేక, "పోనీలే నాయనా, ఇస్తాలే సెలవు" అనేసింది.

"ఆపా!" షబ్నమ్ స్టూలు మీద నుంచే గద్దించింది. "అట్ల ఇచ్చేస్తారా యాడన్నా? నీకు అట్ల ఇచ్చినాడా ఆయప్ప? చాయ్ తెప్పించి, అమ్మలాంటిదానివి అనలేదా? సరిగ్గా కాదను. నేర్చుకుండే వాళ్ళు ఉండారు ఇక్కడ."

హుస్సేన్‌బీ ఒళ్ళు సర్దుకుని, కనపడని కళ్ళద్దాలు పైకి తోసుకుంది.

"బాలన్నా" అంది, "ఈ సారుకు ఒక చాయ్ చెప్పు. పుదీనా వేయించు."